కాలర్‌బోన్ ప్లేటు, నాలుగు నెలల గ్యాప్, ఐదు రేసుల సిరీస్: ఫామ్ ఎక్కడ దొరుకుతుంది?

గండిపేట_గాలి
నాలుగు నెలల క్రితం ఎడమ కాలర్‌బోన్ విరిగింది, ప్లేటు వేశారు. అతికిందని సర్జన్ చెప్పాక ఆరు వారాలుగా రోడ్డు మీదే తొక్కుతున్నా. అంతకుముందు ఎఫ్‌టీపీ (దాదాపు గంటసేపు నిలబెట్టగలిగే పవర్) 262 వాట్లు, మొన్న ర్యాంప్ టెస్టులో (ఆగిపోయేదాకా వాట్లు పెంచుకుంటూ తొక్కే టెస్టు) 231. బరువు 68. సీటీఎల్ (ఈమధ్య వారాల సగటు ట్రైనింగ్ లోడ్) 62 నుంచి 38కి పడింది. వారానికి 8 గంటలు, అంతకు మించి కుదరదు.

20 రోజుల్లో సిరీస్ మొదలు. రెండు వారాలకో ఆదివారం, మొత్తం ఐదు రౌండ్లు. 1) 20 కి.మీ. టైమ్ ట్రయల్. 2) క్రిటీరియం (చిన్న సర్క్యూట్ మీద గుంపు రేసు), 45 నిమిషాలు ప్లస్ రెండు ల్యాపులు. 3) అనంతగిరి వైపు హిల్ క్లైంబ్. 4) మళ్లీ క్రిటీరియం. 5) 90 కి.మీ. రోడ్ రేస్. ఐదింట్లో మంచివి నాలుగు లెక్కేస్తారు.

రెండో ఆదివారం వచ్చిందంటే రేసు. మరి ట్రైనింగ్ ఎప్పుడు, రెస్ట్ ఎప్పుడు? రేసులే ట్రైనింగ్ అనుకుని తొక్కేస్తే ఐదో రౌండుకి ఫామ్ వస్తుందా?

చైన్_జారింది
రాదు. తర్వాతి ప్రశ్న?

భీమిలి_బ్రేక్అవే
రౌండ్ 1 వదిలెయ్. ఎలాగూ ఒకటి కొట్టేస్తారుగా. ఆ ఆదివారం మూడు గంటలు బేస్ (తేలిగ్గా, ఎక్కువసేపు) తొక్కుకో, రెండో రౌండ్ నుంచి దిగు.

వాట్_లెక్క
భీమిలితో ఒప్పుకోను. కొట్టేసే రౌండంటే ఇన్సూరెన్స్. మూడో రౌండులోనో నాలుగులోనో పంక్చరైతే వాడుకోవాల్సింది. మొదటి రోజే ఖర్చు పెట్టేస్తే మిగతా నాలుగు రేసులూ చచ్చినట్టు ఫినిష్ చెయ్యాలి. నాలుగు నెలల తర్వాత గుంపులోకి వెళ్లేవాడి మీద ఆ ఒత్తిడి పెట్టకూడదు.

పైగా ఐదింట్లో భుజానికి ప్రమాదం తక్కువున్నది టైమ్ ట్రయలే. పక్కన మోచెయ్యి తగిలించేవాడు ఉండడు, ముందు చక్రానికి చక్రం తగలదు. ఏదైనా వదలాలంటే రెండో రౌండ్ వదలాలి, మొదటిది కాదు.

ఇక లెక్క. 8 గంటల్లో కష్టపడితే వారానికి 430 టీఎస్ఎస్ (ట్రైనింగ్ లోడ్ పాయింట్లు) వస్తుంది. రేసు వారంలో తగ్గించి తొక్కితే, రేసుతో కలిపి 300. ఇప్పుడున్న 38 నుంచి రెండు వారాలు కడితే 44-45. అక్కడి నుంచి ఒక వారం కట్టడం, ఒక వారం తగ్గించడం. ఐదో రౌండ్ నాటికి 49-50 దగ్గర ఆగిపోతుంది. 62 ఈ సిరీస్‌లో రాదు. ముందు దాన్ని మర్చిపో.

భీమిలి_బ్రేక్అవే
సరే, టైమ్ ట్రయల్ సంగతి ఒప్పుకుంటా. కానీ ప్రతి రేసుకీ తగ్గించి తొక్కితే రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టే. మొదటి రెండు రౌండ్లకీ తగ్గించకుండా, అలసిన కాళ్లతోనే దిగితే? 430 అలాగే నడుపుతూ. అప్పుడు ఎంత వస్తుంది?

వాట్_లెక్క
వేసి చూశా. 51. రెండు పాయింట్ల తేడా.

చైన్_జారింది
రెండు పాయింట్ల కోసం రెండు రేసులు తగలబెట్టాలా 😂 ఆర్నెల్లు సాము చేసి మూలనున్న ముసలమ్మని కొట్టినట్టుంది.

డొమెస్టిక్_దాసు
మీరిద్దరూ సీటీఎల్ పట్టుకుని వేలాడుతున్నారు. అది 42 రోజుల లోడ్ సగటు, ఫిట్‌నెస్ కాదు. తేడా వచ్చేది అంకెలో కాదు, గట్టి సెషన్ల సంఖ్యలో. ప్రతి రేసు వారంలో బుధవారం ఇంటర్వెల్స్ ఎగ్గొడితే 11 వారాల్లో ఐదు సెషన్లు పోయినట్టు. వాల్యూమ్ తగ్గించు, ఇంటెన్సిటీ తగ్గించకు. టేపర్ (రేసు ముందు ట్రైనింగ్ తగ్గించడం) అంటే మనవాళ్లకి ఎప్పుడూ అర్థం కాని ముక్క ఇదే. గంటలు 40 నుంచి 60 శాతం కొయ్యి, ఇంటర్వెల్ వాట్లు అలాగే ఉంచి వాటి సంఖ్య తగ్గించు. వారమంతా రికవరీ స్పిన్ చేసి ఆదివారం దిగితే కాళ్లు మొద్దుబారి ఉంటాయి.

రెండు వారాల చక్రం ఇలా పెట్టుకో.

రేసు తర్వాత సోమవారం సైకిల్ ముట్టుకోకు. మంగళవారం గంట, జోన్ 2 (మాట్లాడుతూ తొక్కగలిగేంత తేలిగ్గా). బుధవారం 30/15లు: 30 సెకన్లు 270-280 వాట్లు, 15 సెకన్లు 135 వాట్లు, ఇలా 13 సార్లు. అది ఒక సెట్టు, తొమ్మిదిన్నర నిమిషాలు. మధ్యలో 3 నిమిషాలు తేలిగ్గా. మొదటి రెండుసార్లు రెండు సెట్లే, తర్వాత మూడు. గురువారం గంటన్నర జోన్ 2. శుక్రవారం సెలవు. శనివారం 3×12 నిమిషాలు, 220-230 వాట్లు. ఆదివారం రెండున్నర, మూడు గంటలు లాంగ్ రైడ్.

రేసు వారం: మంగళవారం 30/15 ఒక్క సెట్టు, దాని తర్వాత 4 సార్లు 10 సెకన్ల స్ప్రింట్. బుధవారం గంట తేలిగ్గా. గురువారం 2×8 నిమిషాలు థ్రెషోల్డ్ (ఎఫ్‌టీపీ దగ్గర). శుక్రవారం సెలవు. శనివారం 40 నిమిషాలు, అందులో 3 సార్లు ఒక నిమిషం గట్టిగా, 3 సార్లు 8 సెకన్లు. ఆదివారం రేసు.

గండిపేట_గాలి
30/15లకి 280 అంటే ఇప్పటి ఎఫ్‌టీపీకి 120 శాతం. మూడు సెట్లు పూర్తవుతాయా?

డొమెస్టిక్_దాసు
280తో మొదలుపెడితే కావు, అందుకే 270 నుంచి అన్నా. రెండో సెట్టులో పదో రిపీట్ దగ్గర వాట్లు పడిపోతుంటే ఆపేసి ఇంటికెళ్లు. ఈ వర్కౌట్‌లో లాభం గుండె, ఊపిరితిత్తులు పై అంచున ఎన్ని నిమిషాలు ఉన్నాయన్న దాంట్లో ఉంది. మొదటి 30లో 350 కొట్టి స్క్రీన్‌షాట్ పెట్టడంలో లేదు.

పంక్చర్_పురాణం
స్క్రీన్‌షాట్ లేని ఇంటర్వెల్‌కి టీఎస్ఎస్ రాదన్నా 🙏

మెట్ల_మీద_క్లీట్
ఎవరూ అడగలేదేంటి, ఆ 231 నమ్మొచ్చా? ర్యాంప్ టెస్టులో చివరి నిమిషం వాట్లలో 75 శాతాన్ని ఎఫ్‌టీపీ అంటారు. గ్యాప్ తర్వాత వచ్చినవాళ్లకి చిన్న దమ్ము ముందొస్తుంది, నిలబడే దమ్ము ఆలస్యంగా వస్తుంది. అందుకని ర్యాంప్ నంబర్ కాస్త పొగుడుతుంది. 231 పట్టుకుని టైమ్ ట్రయల్ మొదలెడితే పదిహేనో నిమిషంలో తేలిపోతుంది.

వాట్_లెక్క
కరెక్ట్ పాయింట్. మొదటి ఐదు నిమిషాలు 218-222లో కట్టేసుకో. పది దాటాక ఊపిరి అదుపులో ఉంటే 230. చివరి 3 కి.మీ. నీ ఇష్టం. స్టార్ట్ ర్యాంప్ దిగగానే అడ్రినలిన్‌కి 300 కూడా తేలిగ్గానే ఉంటుంది, తలలో ఇంకా పాత 262 తిరుగుతుంటుంది కాబట్టి. తిరిగొచ్చినవాళ్ల మొదటి టైమ్ ట్రయల్ పాడయ్యేది అక్కడే.

హార్ట్ రేట్ చూసి కంగారు పడకు. మానేసిన మొదటి రెండు వారాల్లోనే రక్తంలో ప్లాస్మా తగ్గుతుంది, అదే వాట్లకి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. తొక్కడం మొదలెట్టాక ముందుగా తిరిగొచ్చేదీ అదే. మొదటి నెలలో కనబడే పెద్ద లాభంలో కొంత దీనిదే. ఆ తర్వాత గ్రాఫ్ చదునవుతుంది, అప్పుడు 'ఫామ్ ఆగిపోయింది' అని ఇంకో పోస్టు పెట్టకు.

భుజం_మాస్టారు
ఇన్ని వాట్లు మాట్లాడారు, భుజం గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఎముక అతకడం వేరు, గుంపులో తొక్కడానికి భుజం సిద్ధంగా ఉండడం వేరు. క్రిటీరియంకి ముందు ఇవి చూసుకో:

నొప్పి లేకుండా 15 పుషప్‌లు. నిమిషం ప్లాంక్. డ్రాప్స్‌లో (హ్యాండిల్ బార్ కింది వంపు పట్టుకుని) 20 నిమిషాలు, వేళ్లు తిమ్మిరెక్కకుండా. కుడి చేత్తో బాటిల్ తీసేటప్పుడు ఎడమ చెయ్యి ఒక్కటే బారు పట్టుకుని సూటిగా పోవాలి. ఎడమ భుజం మీదుగా వెనక్కి చూసినప్పుడు సైకిల్ అడుగు పక్కకి జరగకూడదు. చివరి రెండూ ఖాళీ రోడ్డు మీద, తెల్లగీత పట్టుకుని పరీక్షించు. గీత దాటితే గుంపులోకి వద్దు.

వారానికి మూడుసార్లు: రబ్బరు బ్యాండుతో మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి చెయ్యి బయటికి తిప్పడం 3×15. పుషప్ పైకొచ్చాక భుజాల రెక్కల్ని ఇంకాస్త ముందుకి నెట్టడం 3×12. ఒంటిచేతి రో 3×10.

ఇవి చెయ్యకపోతే ఏమవుతుందో చెప్తా. ఎడమ భుజం పైకి లేచి చెవి దగ్గరికొస్తుంది, బరువంతా కుడి అరచేతి మీద పడుతుంది, తుంటి ఒక పక్కకి తిరుగుతుంది. నెల తర్వాత మోకాలి నొప్పి అంటూ వస్తారు. సీటు ఎత్తు మారుస్తారు. సీటు తప్పేం లేదు.

ఏరో బార్ (మోచేతులు ఆనించి ముందుకి వంగి పట్టుకునే బార్) ప్యాడ్ల మీద బరువు నేరుగా భుజానికెక్కుతుంది. టైమ్ ట్రయల్‌కి ముందు కనీసం నాలుగు రైడ్లలో 10 నిమిషాల ముక్కలుగా అలవాటు చెయ్యి. నలిపేస్తుంటే డ్రాప్స్‌లోనే తొక్కు. ప్లేటు అంచు మీద బిబ్ పట్టీ ఒరుసుకుంటే లోపల పల్చటి బేస్ లేయర్ వేసుకో. రేసు మొదలెట్టే ముందు సర్జన్ని మళ్లీ ఒకసారి అడుగు, అదీ 'తొక్కొచ్చా' అని కాదు, 'పడితే ఏమవుతుంది' అని. ప్లేటున్న ఎముక మీద మళ్లీ పడితే ప్లేటు చివర దగ్గరే విరిగే అవకాశం ఎక్కువ.

చైన్_జారింది
చివరి లైన్ చదివాక టైమ్ ట్రయలే ముద్దొస్తుంది.

సూపర్_టక్
బెల్జియం ప్రో రైడర్ ఎవెన్‌పోయెల్ని చూడండి. 2024 డిసెంబర్ 3న బెల్జియంలో పోస్టు బండి డోరు తగిలి పక్కటెముక, భుజపుటెముక, చెయ్యి విరిగాయి. 2025 ఏప్రిల్ 18న బ్రబాంట్సే పైల్‌లో (బెల్జియం వన్‌డే రేసు) తిరిగొచ్చాక మొదటి రేసు, వాన్ ఆర్ట్‌ని స్ప్రింట్‌లో కొట్టి గెలిచాడు. రెండ్రోజుల తర్వాత ఆమ్స్టెల్ గోల్డ్‌లో మూడో స్థానం. నాలుగున్నర నెలల గ్యాపే! భయపడి రౌండ్లు వదలడం ఎందుకు?

భీమిలి_బ్రేక్అవే
కథ అక్కడే ఎందుకు ఆపావు? తర్వాత ఫ్లెష్ వాలోన్‌లో 9, ఏప్రిల్ 27న లియేజ్‌లో 59. పది రోజుల్లో నాలుగు రేసులు, ఆమ్స్టెల్, లియేజ్ రెండూ 250 కి.మీ. పైనే.

సూపర్_టక్
లియేజ్‌లో ఓడితే ఏంటి, బ్రబాంట్సే గెలిచాడుగా.

డొమెస్టిక్_దాసు
ఇద్దరూ ఒకే విషయాన్ని రెండు చివరల నుంచి లాగుతున్నారు. బ్రబాంట్సే 160 కి.మీ. చిల్లర. తాజా కాళ్లు, పై అంచు పదును ఉంటే ఆ దూరం లాగేయొచ్చు. వరసగా రేసులు పడుతూ, ఐదు గంటలు దాటాక కూడా నిలబడాలంటే చలికాలం గంటలు కావాలి. డిసెంబర్, జనవరి పోయినవాడికి ఆ గంటలు ఏప్రిల్‌లో ఎక్కడ దొరుకుతాయి? గండిపేటకి ఇందులో పనికొచ్చే ముక్క ఒకటే: గంట లోపు రేసులకి ఫామ్ త్వరగా వస్తుంది, 90 కి.మీ. రోడ్ రేసుకి ఆలస్యంగా వస్తుంది. నీ సిరీస్‌లో అదే చివర ఉంది, అదృష్టం. ఆదివారం లాంగ్ రైడ్ మాత్రం ఎగ్గొట్టకు.

పంక్చర్_పురాణం
2024లో డెన్మార్క్ రైడర్ వింగెగోర్ కూడా. ఏప్రిల్‌లో ఇట్సూలియా రేసులో పడి కాలర్‌బోన్, పక్కటెముకలు, ఊపిరితిత్తి, 12 రోజులు ఆసుపత్రి. మధ్యలో ఒక్క రేసూ లేకుండా నేరుగా టూర్ డి ఫ్రాన్స్. ఒక స్టేజ్ గెలిచి రెండో స్థానం, గెలిచిన పోగాచర్‌కి 6 నిమిషాల 17 సెకన్లు వెనక.

మెట్ల_మీద_క్లీట్
వాళ్లకి రోజంతా తొక్కడం, తినడం, పడుకోవడమే ఉద్యోగం. మనకి సోమవారం స్టాండప్ మీటింగ్ ఉంటుంది.

శాన్‌హోసే_సైకిల్
క్రిటీరియం గురించి రెండు మాటలు. తిరిగొచ్చినవాళ్లు భయంతో గుంపు చివర కూర్చుంటారు. అన్నిటికంటే కష్టమైన చోటు అదే. ముందున్నవాడు మలుపులో గంటకి 36తో పోతే, చివరివాడు బ్రేకేసి 28కి దిగి, మళ్లీ లేచి 600 వాట్లు కొట్టి అందుకోవాలి. ల్యాపుకి నాలుగు మలుపులు, ముప్పై ల్యాపులంటే 120 స్ప్రింట్లు. ముందు మూడో వంతులో ఉంటే అదే రేసు ఎన్నో వాట్లు తక్కువకి అయిపోతుంది. పడేవాళ్లు కూడా ఎక్కువగా మధ్య నుంచి వెనకే.

ఇంకోటి, నిబంధనల్లో ఫ్రీ ల్యాప్ ఉందో లేదో కనుక్కో. ఇక్కడ అమెరికా క్రిటీరియంలలో పంక్చరైనా, పడినా వీల్ పిట్‌కొచ్చి, ఒక ల్యాప్ ఆగి, అదే గుంపులో కలవొచ్చు. చివరి 8 కి.మీ.లో ఆ సదుపాయం ఉండదు. బిగించని స్క్రూ ఊడినా, సరిగా ట్యూన్ చెయ్యని గేర్ వల్ల ఆగినా లెక్కలోకి రాదు, అది నీ తప్పు. అదనపు చక్రాలు పిట్‌లో పెడితే నీ క్యాసెట్ (వెనక గేర్ల పళ్లచక్రాలు) ఎన్ని స్పీడో, డిస్క్ సైజెంతో టేపు మీద రాసి అంటించు.

గండిపేట_గాలి
మరి రెండో రౌండ్ వదలాలా, దిగాలా?

వాట్_లెక్క
భుజం మాస్టారు పరీక్షలు అన్నీ పాసైతే దిగు. ముందు మూడో వంతులో 20 నిమిషాలు ఉండడమే ఆ రోజు పని. భయం వేసినా, ముందు భాగం పట్టు తప్పినా పక్కకి తప్పుకో. అదే నీ కొట్టేసే రౌండ్ అవుతుంది. ముందే నిర్ణయించుకుని దిగితే పరువు బాధ ఉండదు. పాస్ కాకపోతే స్టార్ట్ లైన్ దగ్గరికే వెళ్లకు.

భీమిలి_బ్రేక్అవే
పైన ఇన్సూరెన్స్ అన్నది ఎవరు? 😏

వాట్_లెక్క
కాలర్‌బోన్ కంటే పాయింట్లు ఎక్కువా బాబూ?

స్పానర్_సుబ్బడు
సైకిల్ని ఎవరైనా చూశారా? నువ్వు పడ్డప్పుడు అదీ పడింది. హెల్మెట్ మార్చావా? మార్చకపోతే అది ముందు. అల్యూమినియం బార్ వంగి ఉంటే సరిచెయ్యొద్దు, పారెయ్. కార్బన్ బార్ అయితే టేపు విప్పి, స్టెమ్ క్లాంపు దగ్గర, షిఫ్టర్ క్లాంపు కింద గీతలు చూడు. ఫోర్క్ కిందికి దింపి స్టీరర్ మీద వేలితో తడుము, కింది బేరింగ్ కూర్చునే చోట ముఖ్యంగా. స్టెమ్ బోల్టుల మీద రాసి ఉంటుంది, చాలావాటికి 5 న్యూటన్ మీటర్లు. చేతి అంచనా వద్దు, టార్క్ రెంచే వాడు.

కుడి పక్కకి పడి ఉంటే డీరేలర్ హ్యాంగర్ (వెనక గేరు మార్చే యంత్రాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క) వంగి ఉంటుంది. వర్క్ స్టాండ్ మీద అన్ని గేర్లూ పడతాయి, రోడ్డు మీద లోడుతో మధ్య గేర్లలో టిక్‌టిక్ మంటుంది, కేబుల్ ఎంత తిప్పినా పోదు. హ్యాంగర్ గేజ్ ఉన్న షాపులో పది నిమిషాల పని.

ట్యూబ్‌లెస్ అయితే నాలుగు నెలల్లో మన ఎండకి సీలెంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) ఎండి రబ్బరు ముద్దయి ఉంటుంది. 28 మి.మీ. టైరుకి 30-40 మి.లీ. కొత్తది పొయ్యి, పాత ముద్ద తీసేశాకే. వాల్వ్ కోర్ మూసుకుపోయి ఉంటుంది, అదీ మార్చు. 68 కిలోలకి ముందు 65, వెనక 68 పీఎస్ఐ దగ్గర మొదలెట్టు. రోడ్డు తడిగా ఉంటే 5 తగ్గించు. భుజానికి కూడా మేలు.

పంక్చర్_పురాణం
సుబ్బడన్న వచ్చాడంటే జేబుకి చిల్లు.

స్పానర్_సుబ్బడు
చైన్ 0.5 శాతం అరిగితే మార్చు, లేకపోతే క్యాసెట్ కూడా మార్చాలి. అప్పుడు మాట్లాడుకుందాం చిల్లు గురించి.

పులిహోర_పవర్
తిండి సంగతి నాది. గంట లోపు రేసుకి కార్బ్ లోడింగ్ అక్కర్లేదు, ముందు రాత్రి మామూలుగా అన్నం తిను, నెయ్యి, వేపుళ్లు తగ్గించు. పొద్దున ఆరింటికి రేసైతే మూడున్నరకి ఇడ్లీలు, అరటిపండు. పల్లీ చట్నీ వద్దు, కొవ్వు, త్వరగా అరగదు.

రోడ్ రేసు రెండున్నర గంటలు పైనే. గంటకి 60 గ్రాముల కార్బ్‌తో మొదలెట్టు, కడుపు ఒప్పుకుంటే 80-90. ఖరీదైన పొడులు లేకపోతే 750 మి.లీ. బాటిల్‌లో 60 గ్రాముల పంచదార, గ్రామున్నర ఉప్పు, నిమ్మరసం. పంచదారలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్, పేగులు రెంటినీ వేర్వేరు దారుల్లో పీల్చుకుంటాయి. ఆ ఉప్పులో 600 మి.గ్రా. సోడియం ఉంటుంది. ఇదంతా ఆదివారం లాంగ్ రైడుల్లో ముందే అలవాటు చెయ్యి, రేసు రోజు ప్రయోగం చేస్తే పొదల్లో కూర్చోవాలి.

చైన్_జారింది
అంటే పానకం. శ్రీరామనవమికి పందిట్లో ఫ్రీగా ఇస్తారు.

పులిహోర_పవర్
మిరియాలు వేసుకుని ఇంటర్వెల్స్ చెయ్, అప్పుడు చెప్తా.

మెట్ల_మీద_క్లీట్
హిల్ క్లైంబ్ అనగానే బరువు తగ్గించే పిచ్చి పట్టుకుంటుంది, అందుకే ముందే చెప్తున్నా. సైకిల్‌తో కలిపి 76 కిలోలు అనుకో, కిలో తగ్గితే ఎక్కుడులో ఒకటిన్నర శాతం కూడా రాదు. ఆకలితో 30/15లు చెడితే పోయేది అంతకంటే ఎక్కువ. ఎముక ఇంకా గట్టిపడుతున్న శరీరానికి తిండి కొయ్యకు. డి విటమిన్ చూపించుకున్నావా?

గండిపేట_గాలి
చూపించా, తక్కువుంది, మాత్రలు వాడుతున్నా.

సరే, నా లెక్క ఇది. టైమ్ ట్రయల్ దిగుతా, 220తో మొదలు. రెండో రౌండ్ భుజం పరీక్షలు పాసైతేనే, 20 నిమిషాల లక్ష్యంతో. దాసన్న రెండు వారాల చక్రం, రేసు వారంలో కూడా మంగళవారం సెట్టు ఉంటుంది. లాంగ్ రైడ్ ఎగ్గొట్టను. ఓఆర్ఆర్ సైకిల్ ట్రాక్ మీద 30/15లు చెయ్యొచ్చా?

భుజం_మాస్టారు
ఆదివారం పొద్దున వద్దు, పిల్లల సైకిళ్లు, నడిచేవాళ్లు. బుధవారం ఐదింటికి ఖాళీగా ఉంటే సరే, లేదంటే ఇంట్లో ట్రైనర్ (సైకిల్ బిగించి ఉన్నచోటే తొక్కే స్టాండు) మీద. ట్రైనర్ అయితే ఫ్యాన్ రెండు పెట్టు, ఒకటి మొహానికి, ఒకటి ఛాతీకి. వేడెక్కితే 270 కూడా 300లా ఉంటుంది.

గండిపేట_గాలి
ఇంకో చిన్న డౌటు. టైమ్ ట్రయల్‌కి నంబర్ స్కిన్‌సూట్ మీద నాలుగు పిన్నులతో సరిపోతుందా?

స్పానర్_సుబ్బడు
ఎనిమిది. మూలకి ఒకటి, మధ్యల్లో ఒకటి. వేసుకున్నాక, ఏరో పొజిషన్‌లో వంగి ఉన్నప్పుడు ఇంకొకరితో గుచ్చించుకో. నిలబడి గుచ్చుకుంటే వంగినప్పుడు ఉబ్బి గాలికి టపటపా కొట్టుకుంటుంది. 20 కిలోమీటర్లూ ఆ చప్పుడు వినాలి.

పంక్చర్_పురాణం
గుచ్చేది భార్య అయితే రేసు ఫీజు ఎంతో ముందే చెప్పెయ్, పిన్ను చేతిలో ఉన్నప్పుడు తెలియకూడదు.